నాలుగు జీబీల పెద్దాయన

ఆ సోమవారం పొద్దున్న మార్జిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, ఎనిమిదిన్నరకి టిఫిను, తొమ్మిదింటికి ఫోనులో ఆఫీసు సమావేశం. అది ముగిసేలోగా ఇంట్లో కంప్యూటరు నిద్రలేస్తే దాని ముందు కూర్చుని పని మొదలుపెట్టడం. ఇందులో మనిషి బోర్లాపడటానికి ఎక్కడా సందు లేదు. అయినా పడ్డాడు.

మార్జిన్ అన్నది అతని అసలు పేరు కాదు. బడి పుస్తకాలు అచ్చువేసే సంస్థలో పేజీలు పేర్చడం అతని ఉద్యోగం. పేజీకి నాలుగు వైపులా వదలవలసిన ఖాళీ విషయంలో అతను ఎవరి మాటా వినడు. వెంట్రుకవాసి తేడా కనిపించినా పేజీ మొత్తం విప్పి మళ్ళీ పేరుస్తాడు. ఆ చాదస్తం చూసి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది. ఇరవై ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు గుర్తింపు కార్డు మీద మాత్రమే మిగిలింది.

ఆఫీసు భవనంలో వైరింగు పాతబడి మూడో అంతస్తులో పొగలు వచ్చాయి. మొత్తం మార్చాలన్నారు. నెల రోజులు అందరూ ఇళ్ళ నుంచే, ఎవరి సొంత కంప్యూటర్ల మీద వాళ్ళు పనిచేయాలన్నారు. ఆ నెలకి ఆ సోమవారం మొదటి రోజు.

మార్జిన్ ఇంట్లో ఉన్న కంప్యూటరుని ఇంటిల్లిపాదీ, అంటే అతనూ అతని భార్యా, పెద్దాయన అంటారు. దాన్ని కట్టింది అతని మావగారు. ఆయన జీవితమంతా రేడియోలు బాగుచేశారు. డెబ్భయ్యో ఏట, ఇక రేడియోలు ఎవరూ తేవడం లేదని, అక్కడో ముక్క ఇక్కడో ముక్క పోగుచేసి కూతురి కోసం ఒక కంప్యూటరు బిగించారు. ఏ రెండు ముక్కలూ ఒకే కాలానికి చెందినవి కావు కాబట్టి అది లేవడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది. కూతురికి అంత ఓపిక లేదని ఆయనకి తెలుసు. అందుకని అది లేవగానే వినిపించేలా తన గొంతు రికార్డు చేసి అందులో పెట్టారు. "వస్తున్నా, వస్తున్నా. తొందరెందుకు? ఈలోగా టీ పెట్టుకో తల్లీ."

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఫోటోలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్కచోటే ఉంది. ఊరందరి రేడియోల గొంతులూ బాగుచేసిన మనిషి తను మాత్రం ఎక్కడా ఏదీ మాట్లాడి ఉంచలేదు. అందుకే మీట నొక్కే హక్కు అతని భార్యది. రోజూ తొమ్మిదింటికి కాస్త ముందు మీట నొక్కి వంటింట్లోకి వెళ్తుంది. గొంతు వినిపించగానే "సరే నాన్నా" అని, టీ తాగి, తను పనిచేసే గ్రంథాలయానికి బయలుదేరుతుంది.

"ఆ గొంతు ఇంకో చోట కూడా దాచిపెట్టండి, ఏవండీ" అని ఆవిడ నాలుగేళ్ళుగా అడుగుతోంది. "ఐదు నిమిషాల పని. ఈ ఆదివారం చేసేస్తా" అని మార్జిన్ నాలుగేళ్ళుగా చెబుతున్నాడు. నాలుగేళ్ళకి ఎన్ని ఆదివారాలో లెక్క వేస్తే అతని మీద జాలి తగ్గిపోతుంది కాబట్టి వేయడం లేదు.

సోమవారం సమావేశంలో పదకొండుమంది ఉన్నారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళడం వల్ల ప్రూఫులు చూసే ఆవిడ ఒక్కతే రాలేదు. రానివాళ్ళు తర్వాత వినడానికి వీలుగా మేనేజరు సమావేశాన్ని రికార్డు చేస్తుంది. వారం వారం శుక్రవారం నాడు పాతవి తుడిచేస్తుంది. అందరి పనులూ అడుగుతూ అడుగుతూ ఆవిడ మార్జిన్ దగ్గరికి వచ్చింది.

"మార్జిన్ గారూ, అట్లాసు మ్యాపులు ఎప్పుడొస్తాయండీ?"

మార్జిన్ నోరు తెరిచాడు. అతనికంటే ముందు, అతని వెనకనుంచి, గది దద్దరిల్లేలా జవాబు వచ్చింది. "వస్తున్నా, వస్తున్నా. తొందరెందుకు?"

ఆ మాటకే పదిమందీ ఒక్కసారిగా నవ్వారు. పుస్తకాలకి బొమ్మలు వేసే బొమ్మలాయన నవ్వితే ఫోను చేతిలో అదురుతుంది. అతను నవ్వు మధ్యలోనే అన్నాడు, "ఇంత నిజాయితీగా జవాబు చెప్పినవాణ్ణి మన ఆఫీసులో ఇదే చూడ్డం."

"ఎవరండీ అది, మీ ఇంట్లో పెద్దవాళ్ళా?" అంది మేనేజరు నవ్వు ఆపుకుంటూ.

అప్పుడు మార్జిన్ నిజం చెప్పి ఉంటే సరిపోయేది. మా మావగారి గొంతండీ, కంప్యూటరు లేచేటప్పుడు వస్తుంది అంటే, అందరూ అయ్యో అని ఊరుకునేవాళ్ళు. కానీ అలా అంటే మరి కంప్యూటరు లేవడానికి అంతసేపెందుకు అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకాల ఇంకో నాలుగు వస్తాయి. అతని చెవులు కాలిపోతున్నాయి.

"టీవీ అండీ. టీవీ" అన్నాడు.

వంటింటి గుమ్మంలో టీ కప్పుతో నిలబడి ఉన్న భార్య ఆ మాట విన్నది. కప్పు తెచ్చి అతని పక్కన పెట్టింది. సమావేశం అయ్యేదాకా ఆగి, చెప్పులు వేసుకుంటూ, "మన టీవీ పాడై ఆర్నెల్లయింది" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మేనేజరు అందరికీ కనబడే ఒక పట్టిక పంపింది. అందులో ఐదు గళ్ళు. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, కొన్న ఏడాది. 'మీ ఇళ్ళలో ఉన్న సొంత కంప్యూటర్ల వివరాలు సాయంత్రంలోగా నింపండి' అని పైన రాసింది. ఎందుకో రాయలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకరి ఇంట్లో ఏముందో ఇంకొకరికి తెలిసే అవకాశం వచ్చినప్పుడు కారణాలు ఎవరు అడుగుతారు?

మొదటి వరస బొమ్మలాయనది. మెమరీ పదహారు జీబీలు అని రాశాడు. రెండో వరసలో ప్రూఫులావిడ వాచిన బుగ్గతోనే నింపింది: 'నాలుగు జీబీలు. ఏడేళ్ళ కిందటిది. మూత విరిగితే రబ్బరు బ్యాండు వేశాను.' మూడో వరస మార్జిన్‌ది.

పెద్దాయనలోనూ ఉన్నవి నాలుగే. నాలుగు అని రాసి ఉంటే ప్రూఫులావిడకి తోడుగా నిలిచేవాడు. కానీ పొద్దుటి నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. తొందరెందుకన్న మనిషి ఇంట్లో నాలుగు జీబీలున్నాయని తెలిస్తే బొమ్మలాయన ఇక ఊరుకోడు. మార్జిన్ ఒక దుకాణం ప్రకటన తెరిచి, అందులో అన్నిటికంటే పైన ఉన్న కంప్యూటరు వివరాలు చూసి, మెమరీ గడిలో ముప్ఫైరెండు అని వేశాడు.

పది నిమిషాల తర్వాత చూస్తే బొమ్మలాయన గడిలో పదహారు పోయి అరవైనాలుగు వచ్చింది. పక్కన 'ఇందాక ఒక ముక్క లెక్కపెట్టడం మర్చిపోయాను' అని వివరణ కూడా ఉంది. మార్జిన్ తన ముప్ఫైరెండుని అరవైనాలుగు చేశాడు. సమానంగా ఉంటే తను చూసి రాసినట్టుంటుందని, గ్రాఫిక్స్ కార్డు గడిలో 'రెండు' అని చేర్చాడు. బొమ్మలాయన రెండు తెరలున్నాయని రాశాడు. మార్జిన్ మూడు రాశాడు. కింద వరసల్లోని మిగతావాళ్ళు కూడా ఎవరికి తోచినంత వాళ్ళు పెంచుకుంటూ పోయారు. ఐదింటికి పట్టిక మూసేస్తామనగా, ఐదుకి రెండు నిమిషాల ముందు, మార్జిన్ ఆఖరి దెబ్బ కొట్టాడు: 'వేడెక్కకుండా నీళ్ళతో చల్లబడుతుంది.'

పేజీ అంచున వెంట్రుకవాసి తేడా సహించని మనిషి ఒక్క మధ్యాహ్నంలో ఇంత దూరం వెళ్ళాడు. ముందుగది మూలలో పెద్దాయన మాత్రం తన నాలుగు జీబీలతో గుర్రుగుర్రుమంటూ కూర్చుని ఉన్నాడు.

మంగళవారం పొద్దున్న మేనేజరు ఫోను చేసింది. గొంతులో చాలా గౌరవం వినబడింది.

"మీ దగ్గర అంత మెషీనుందని ఇన్నాళ్ళూ చెప్పనే లేదు. అట్లాసు మ్యాపులు మీ ఒక్కరికే భారమవుతుందని మొత్తం నలుగురికి పంచుదామనుకున్నా. ఇప్పుడిక పంచడమెందుకు, అన్నీ మీకే పంపిస్తున్నా. గురువారం పొద్దున్నకి అచ్చుకి వెళ్ళిపోవాలి."

"అన్నీనా అండీ?"

"మీ మెషీనుకి అదొక లెక్కా?"

లెక్కే అయింది. మొదటి మ్యాపు ఒక నది పరీవాహక ప్రాంతం. పెద్దాయన దాన్ని తెరవడానికి నలభై నిమిషాలు తీసుకున్నాడు. నది పుట్టిన కొండ కనబడింది, కొంత దూరం నీలిగీత కిందికి వచ్చింది, అక్కడ ఆగిపోయింది. సముద్రం దాకా ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఇలాంటివి ఇంకా అరవైమూడు ఉన్నాయి.

మధ్యాహ్నం మేనేజరు ఎంతవరకొచ్చిందని అడిగితే, మార్జిన్ కరెంటు పోయిందన్నాడు. పక్క వీధిలోనే ఉండే బొమ్మలాయన వెంటనే ఆఫీసు గ్రూపులో 'మా వీధిలో ఉందే' అని పెట్టాడు. మేనేజరు మంచి మనిషి. ఒక గంటలో ఆఫీసు వ్యానులో మంచమంత బ్యాటరీ పెట్టె ఒకటి పంపించింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి సంతకం తీసుకుని వెళ్ళారు. సాయంత్రం ఇంటికొచ్చిన భార్య దాన్ని పక్కకి తిరిగి దాటుకుంటూ లోపలికొచ్చి, ఇదేమిటని అడిగింది. "ఆఫీసువాళ్ళు వాడుకోమన్నారు" అన్నాడు. అది నిజమే కాబట్టి ధైర్యంగానే అన్నాడు.

కరెంటు సాకు పోయింది కాబట్టి బుధవారం పొద్దున్న సమావేశంలో మార్జిన్ ఇంకో సాకు చెప్పాడు. నీళ్ళు తిప్పే చిన్న మోటారు మొరాయిస్తోందన్నాడు. ఈసారి మాత్రం తను మాట్లాడాల్సినప్పుడు తప్ప ఫోను మైకు తెరవలేదు. సోమవారం నుంచి అంత జాగ్రత్తగా ఉంటున్నాడు. పెద్దాయన వెనకనుంచి ఎన్నిసార్లు పలకరించినా ఆఫీసుకి వినబడకూడదు.

"నీళ్ళ మోటారా?" అన్నాడు బొమ్మలాయన. "అలాంటిది నేను జన్మలో చూళ్ళేదండీ. సాయంత్రం ఐదున్నరకి వస్తా, చూపించండి. పక్క వీధే కదా."

"ఎందుకండీ శ్రమ."

"శ్రమేముంది? సరదా."

మార్జిన్ గోడ గడియారం చూశాడు. తొమ్మిదిన్నర. భార్య అప్పుడే "సరే నాన్నా" అని గ్రంథాలయానికి వెళ్ళింది. ఎనిమిది గంటల్లో, ఇంట్లో లేని కంప్యూటరు ఇంట్లో ఉండాలి.

పెద్దాయన్ని దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, తెలిసిన కంప్యూటరు దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణందారు మూత విప్పి లోపలికి తొంగిచూశాడు.

"ఇది ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోంది. నిదానంగా."

"లోపల ఒక్కటి కూడా ఉంచడానికి లేదండీ. అన్నీ మార్చాలి."

"డబ్బా మాత్రం ఇదే ఉండాలి" అన్నాడు మార్జిన్ గట్టిగా. "ఈ స్పీకరు కూడా. ఇవి మా మావగారు తన చేత్తో బిగించినవి. వీటి జోలికి వెళ్ళొద్దు."

ఆ మాట అన్నప్పుడు అతనికి తన మీద తనకే గౌరవం కలిగింది. ఎంత హడావుడిలో ఉన్నా పెద్దవాళ్ళ జ్ఞాపకాన్ని మర్చిపోలేదు కదా అనుకున్నాడు. జేబురుమాలు తీసి స్పీకరు మీది దుమ్ము తుడిచాడు. ఆ గొంతు ఇన్నేళ్ళూ ఆ స్పీకరులోంచే వచ్చింది. స్పీకరు భద్రంగా ఉంటే గొంతూ భద్రమే అని అతని మనసు తనంతట తాను నమ్మేసింది. గొంతు ఉండేది ఎక్కడ అని ఎవరైనా అడిగితే, డిస్కులో అని నిద్రలో కూడా చెప్పగలడు. ఎవరూ అడగలేదు.

దుకాణందారు పాత డిస్కు చేత్తో పట్టుకుని అడిగాడు. "ఇందులో మీక్కావలసినవేమైనా ఉన్నాయా? తీసిపెట్టనా?"

మార్జిన్‌కి ఆ క్షణంలో తోచినవి మ్యాపులు మాత్రమే. వాటికి ఇంకో నకలు ఉంది. కానీ అచ్చు కాకముందు అవి బయటివాళ్ళ చేతిలో పడకూడదని ఆఫీసులో కచ్చితమైన నియమం. నియమాల విషయంలో మార్జిన్ని వేలెత్తి చూపించలేరు.

"ఏం అక్కర్లేదు. ఆఫీసు ఫైళ్ళున్నాయి, పూర్తిగా తుడిచెయ్యండి."

"మామూలుగానా, మూడుసార్లా?"

"మూడుసార్లు" అన్నాడు మార్జిన్, చాలా బాధ్యతగా.

ఎంతయిందన్నది ఈ కథకి అక్కర్లేదు. ఒంటిగంటకల్లా పాత డబ్బా కొత్త పొట్టతో ఇంటికొచ్చింది. మూలలో దాని చోట దాన్ని పెట్టి, తీగలు తగిలించి, మార్జిన్ మీట నొక్కాడు. అలవాటు కొద్దీ కుర్చీ వెనక్కి వాలబోయాడు. వాలేలోపే తెర వెలిగింది. ఆరు సెకన్లు పట్టింది.

గది నిశ్శబ్దంగా ఉంది.

వినబడవలసింది ఏదో వినబడలేదని అతని చెవికి ముందు తెలిసింది. అదేమిటో బుర్రకి తెలియడానికి ఇంకో ఆరు సెకన్లు పట్టింది. తెలిశాక చెప్పులు కూడా వేసుకోకుండా దుకాణానికి పరిగెత్తాడు.

"అయ్యో, తుడిచేశానండీ" అన్నాడు దుకాణందారు. మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ వృత్తి గర్వం దాచుకోలేకపోయాడు. "మామూలుగా అయితే ఏదో ఒకటి లాగేవాణ్ణి. మూడుసార్లన్నారు కదా. మా దగ్గర మూడుసార్లు తుడిచింది దేవుడు కూడా తియ్యలేడు."

మార్జిన్ ఇంటికి తిరిగొచ్చాడు. చెయ్యడానికి ఇంకేమీ లేక మ్యాపుల ముందు కూర్చున్నాడు. నది కొండమీద నుంచి సముద్రంలోకి ఒక్క గెంతులో చేరింది. అరవైనాలుగు మ్యాపులూ గంటన్నరలో అయిపోయాయి. అంచులన్నీ కొలిచినట్టు వచ్చాయి. అంత బాగా కుదిరిన పని అతని ఉద్యోగంలో ఇంకోటి లేదు, అంత అసహ్యం పుట్టించిన పని కూడా లేదు. ఐదు నిమిషాల పని అన్న తన మాటే తనకి పదే పదే వినబడుతోంది. ఆ ఒక్క ఆదివారం కూర్చుని ఉంటే ఏం పోయేది అనుకున్నాడు. ఆదివారాలు అతను ఏం చేశాడో ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు.

ఐదున్నరకి భార్యా, బొమ్మలాయనా గుమ్మం దగ్గర ఒకేసారి కలిశారు. ఇద్దరూ బ్యాటరీ పెట్టెని పక్కకి తిరిగి దాటుకుంటూ లోపలికొచ్చారు. మార్జిన్ ఏదో చెప్పబోయాడు. ఇంటికి మనిషొచ్చిన సంబరంలో ఆవిడ వినిపించుకోలేదు.

"మీరు సోమవారం విన్నది టీవీ కాదండీ" అంది బొమ్మలాయనతో. "ఈయనకి సిగ్గెక్కువ. అది మా నాన్న గొంతు. కూర్చోండి, మిమ్మల్ని కూడా పలకరిస్తారు. ఎనిమిది నిమిషాలు పడుతుంది, ఈలోగా టీ పెడతా."

ఆవిడ మీట నొక్కింది. వంటింటివైపు తిరిగింది. రెండడుగులు వేసేలోపే గదిలో వెలుగు మారింది. ఆవిడ వెనక్కి తిరిగి, వెలుగుతున్న తెరని చూసింది. కింద డబ్బాని చూసింది, డబ్బా అదే. స్పీకరుని చూసింది, స్పీకరూ అదే, పైగా శుభ్రంగా తుడిచి ఉంది. తర్వాత భర్త మొహం చూసింది. ఆ మొహంలో అంతా ఉంది.

"ఎప్పుడు?" అంది.

"పొద్దున్న. పదకొండింటికి."

"ఇంకెక్కడైనా ఉందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినబడింది. తిట్టినా బాగుండేదని మార్జిన్‌కి అనిపించింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అతన్ని అడిగిన పనులు తక్కువ. వాటిల్లో ఐదు నిమిషాలు పట్టేది ఇదొక్కటే.

బొమ్మలాయనకి సంగతంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అతను విని కుర్చీ అంచుకి జరిగాడు.

"నాది అరవైనాలుగు కాదండీ" అన్నాడు మెల్లగా. "ఎనిమిది. అదీ మా అమ్మాయి వాడి వదిలేసింది. రెండో తెర అన్నది అద్దం."

"మరి అలా ఎందుకు రాశారు?"

"మీరు రాసింది చూసి. మీరెందుకు రాశారు?"

"మీరు రాసింది చూసి."

ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. టీలో చక్కెర లేదు. ఇద్దరూ నోరెత్తకుండా తాగేశారు.

గురువారం పొద్దున్న ఆ ఇంట్లో మీట ఎవరూ నొక్కలేదు. ఆవిడ సెలవు పెట్టి వంటింట్లో కూర్చుంది. తొమ్మిదింటి సమావేశంలో మేనేజరు చాలా సంతోషంగా ఉంది.

"అట్లాసు అచ్చుకి వెళ్ళిపోయింది, మార్జిన్ గారికి థాంక్స్. ఇంకో మంచి వార్త. మొన్న కంప్యూటర్ల వివరాలు అడిగాను కదా. ఎవరి ఇంట్లో మెషీను బలహీనంగా ఉందో వాళ్ళకి కొత్తది ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. మొత్తం పన్నెండు తెప్పించాం. తీరా చూస్తే మన దగ్గర ఒక్కరికే అవసరం. ప్రూఫులావిడకి ఒకటి వస్తుంది. మిగతా పదకొండూ అమ్మకాల విభాగానికి పంపించేశా. మీ అందరి ఇళ్ళలో ఆఫీసులో కంటే మంచివే ఉన్నాయి. నాకు చాలా గర్వంగా ఉంది."

ఆ గర్వాన్ని పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ప్రూఫులావిడ ఒక్కతే థాంక్సండీ అని, ఇంకో మాట అంది.

"సోమవారం నేను లేను కదా, నిన్న ఆ రికార్డింగు విన్నానండీ. మార్జిన్ గారింట్లో మాట్లాడిన పెద్దవారెవరు? ఎంత చక్కటి గొంతో. టీ పెట్టుకో తల్లీ అన్నారు, నాకు మా ఇంట్లో వాళ్ళెవరో అన్నట్టే అనిపించింది."

"టీ అని ఎక్కడన్నారు?" అంది మేనేజరు. "నేనూ ఉన్నాను, అది వినలేదే."

"మీరందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు కింద ఉందండీ. నేను చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నా. అందరూ వదిలేసింది పట్టుకోవడమేగా నా ఉద్యోగం."

మార్జిన్ లేచి నిలబడ్డాడు. ఫోనులో అతని మొహం పోయి చొక్కా గుండీలు కనబడుతున్నాయి.

"మేడమ్, ఆ రికార్డింగు ఉందా?"

"ఉంది. రేపు తుడిచేస్తాను. ఎందుకండీ?"

అతను వంటింటివైపు చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. సోమవారం నిలబడ్డ చోటే.

"అది టీవీ కాదండీ" అన్నాడు. "మా మావగారు. పోయి నాలుగేళ్ళయింది. ఆ గొంతు మా పాత కంప్యూటర్లో ఉండేది. దాంట్లో మెమరీ నాలుగు జీబీలే. అరవైనాలుగని అబద్ధం రాశాను, తెర ఒక్కటే, నీళ్ళూ లేవు మోటారూ లేదు. రాసింది నిజం చెయ్యడానికి నిన్న దాన్ని తీసుకెళ్ళి లోపలంతా మార్పించి, ఆ గొంతు నా నోటితోనే చెప్పి తుడిపించేశాను. ఇప్పుడది మీ రికార్డింగులో తప్ప ఇంకెక్కడా లేదు. తుడవకండి మేడమ్."

ముందుగా బొమ్మలాయన మైకు తెరుచుకుంది. "నాది ఎనిమిది" అన్నాడు. ఇంకెవరో "నాది కూడా" అన్నారు. "నాది అసలు నాదే కాదు, పక్కింటివాళ్ళది" అంది ఇంకొకావిడ. అలా ఒక్కొక్కరే చెబుతూ పోతే, చివరికి మేనేజరు గొంతు సవరించుకుని, తను కూడా కాస్త పెంచే రాశానని ఒప్పుకుంది. పదకొండు కంప్యూటర్లూ అప్పటికే అమ్మకాల విభాగం మెట్లెక్కేశాయి.

పది నిమిషాల తర్వాత రికార్డింగు ముక్క వచ్చింది. మార్జిన్ దాన్ని పెద్దాయన డబ్బాలోని స్పీకరులో పెట్టాడు. అట్లాసు ఎప్పుడొస్తుందని మేనేజరు అడిగింది. "వస్తున్నా, వస్తున్నా. తొందరెందుకు?" అన్నారు మావగారు. ఆ తర్వాత నవ్వు విరుచుకుపడింది. దాని మీద బొమ్మలాయన మాట, దాని మీద మార్జిన్ మాట. టీవీ అండీ, టీవీ.

భార్య కళ్ళు మూసుకుని వింది. తర్వాత హెడ్‌ఫోను తెమ్మంది. దాంతో మూడుసార్లు వింది. మూడోసారి చివర్లో, చాలా చిన్నగా, "సరే నాన్నా" అంది.

"నవ్వు పూర్తిగా తియ్యడం కుదరదు" అన్నాడు మార్జిన్. "తీస్తే కింద ఉన్న మాట కూడా పోతుంది."

"ఉండనివ్వండి. నాన్న చెప్పిన జోకులకి ఎప్పుడూ ఆయనొక్కడే నవ్వుకునేవాడు. ఇంతమంది నవ్వడం నేను వినలేదు."

"చివర్లో నేనన్నది మాత్రం కోసేస్తా."

ఆవిడ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "అదీ ఉండనివ్వండి" అంది.

అందుకని ఆ ఇంట్లో కంప్యూటరు ఇప్పుడు ఆరు సెకన్లలో లేచినా, రోజూ పొద్దున్నే అట్లాసు గురించి అడుగుతుంది, తొందరెందుకంటుంది, పదిమందిచేత నవ్విస్తుంది, ఆఖరికి మార్జిన్ చేత టీవీ అనిపిస్తుంది. అతను ఆ రోజే, ఆదివారం కోసం చూడకుండా, ఆ ముక్కని ఫోనులో ఒకటి, భార్య ఫోనులో ఒకటి, ఆఫీసులో ఒకటి, ప్రూఫులావిడ దగ్గర ఒకటి, నాలుగుచోట్ల దాచాడు. ఐదు నిమిషాల పని అని నాలుగేళ్ళు చెప్పిన పనికి నలభై సెకన్లు పట్టింది.